కొలతకు జ్ఞాపకం: పెడన అచ్చు నుంచి సి.ఎన్.సి. చలరాశి వరకు

పరిచయం

ఒక పని ముగిసిన తరవాత దాని కొలత ఎక్కడ నిలిచి ఉంటుంది? చేతివృత్తుల చరిత్రను, యంత్రాల చరిత్రను కలిపి చదవడానికి ఈ ప్రశ్న ఉపకరిస్తుంది. గుడ్లవల్లేరు మీదుగా మచిలీపట్నం వెళ్లే రైలు మార్గంలో ఉన్న పెడన ఇందుకు తగిన ఉదాహరణ.

చెక్కలో నిలిచిన కొలత

మచిలీపట్నంలో డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను వర్తక స్థావరాలు ఏర్పరచుకున్నారు. కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రాలు వారి వ్యాపారంలో ముఖ్యమైన సరుకు. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మను కలంతో గీస్తారు. మచిలీపట్నం, పెడన శైలిలో టేకు చెక్క అచ్చుతో అద్దుతారు. గీతకు ఒక అచ్చు, రంగులకు వేరే అచ్చులు ఉంటాయి. వీటి కొలతలు ఒకదానితో ఒకటి సరిపోకపోతే రంగు గీత దాటిపోతుంది. కాబట్టి అచ్చును పనిముట్టుగా మాత్రమే చూడరాదు. చెక్కినవారు దగ్గర లేకపోయినా వారి కొలతను అద్దేవారికి అందించే జ్ఞాపకం అది.

చెక్క నుంచి సంఖ్యకు

1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ సంఖ్యా నియంత్రణతో నడిచే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించింది. దీనికి మూలమైన ఆలోచన జాన్ పార్సన్స్‌ది. అప్పట్లో ఆదేశాలు రంధ్రాలు చేసిన టేపుపై ఉండేవి. కొలత మారితే టేపూ మార్చవలసి వచ్చేది. కంప్యూటరు యంత్రంలో భాగమయ్యాక, ప్రోగ్రాంలో సంఖ్యకు బదులు చలరాశిని రాసే వీలు కలిగింది.

ఈ చలరాశులన్నింటి ఆయుష్షు ఒకటి కాదు. ఫానుక్ కంట్రోలర్ల మాక్రోలలో #1 నుంచి #33 వరకు ఉన్నవి ఆ మాక్రోకే పరిమితం. #100 వరుసలోనివి సాధారణంగా కరెంటు ఆపగానే ఖాళీ అవుతాయి. #500 వరుసలోనివి యంత్రం ఆపినా నిలిచి ఉంటాయి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2000లో వివరించిన ఆర్‌ఎస్274/ఎన్‌జీసీ విధానంలో నిలవ ఉండవలసిన విలువలను ఒక ఫైలులో భద్రపరుస్తారు.

వడ్రంగంలో ఉపయోగం, ప్రమాదం

18 మిల్లీమీటర్లని అమ్మిన ప్లైవుడ్ కొలిస్తే 17.6 వచ్చిందనుకుందాం. #500లో 17.6 నమోదు చేసి, అలమరాలోని గాళ్లన్నింటి వెడల్పును ఆ చలరాశితోనే రాస్తే, షీటు మారినప్పుడు ఒక్క విలువ మార్చితే సరిపోతుంది.

అయితే మరునాడు మరొకరు 18.2 మిల్లీమీటర్ల షీటు బిగించి, కొలవకుండానే యంత్రాన్ని నడిపితే? యంత్రం పాత విలువతోనే గాడి తీస్తుంది. పలక అందులోకి దూరదు, షీటు వృథా అవుతుంది. అరిగిన అచ్చును వేలితో తడిమి తెలుసుకోవచ్చు. పాతబడిన సంఖ్యకు అలాంటి గుర్తు ఏదీ ఉండదు. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఏ చెక్కపై కొలిచారో కూడా అది చెప్పదు. అందువల్ల ప్రోగ్రాం మొదట్లోనే విలువను సరిచూసే ఏర్పాటు ఉండాలి. విలువ హద్దు దాటితే యంత్రం ఆగాలి. హద్దులోనే ఉన్న పాత విలువను మాత్రం ఈ ఏర్పాటు పట్టుకోలేదు. కాబట్టి కొత్త షీటును కొలవడం, కొలిచిన తేదీని రాసి ఉంచడం తప్పనిసరి.

ముగింపు

తేదీ లేని శాసనాన్ని చరిత్రకారుడు పరీక్షించకుండా ఆధారంగా స్వీకరించడు. యంత్రంలో నిలిచిన విలువకూ అదే నియమం వర్తిస్తుంది. జ్ఞాపకం చెక్క నుంచి సంఖ్యకు మారినా, దాన్ని సరిచూసే బాధ్యత మనిషిదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అచ్చు, నిలిచి ఉండే చలరాశి కొలతను కాపాడే తీరులో గల పోలికను, భేదాన్ని మీ ప్రాంతపు వృత్తి ఒకదాని ఆధారంగా వివరించండి.