వల గుళ్ళకి ఏ సీసం మంచిది? ఏది గుమ్మం తొక్కకూడదు?

విసురువల వేసేవాడికి అడుగున కట్టే సీసం గుళ్ళే ప్రాణం. బరువు లేకపోతే వల మునగదు, చేప పడదు. కొట్లో కొంటే ఖర్చని మన లంకల్లో, తీరం ఊళ్ళలో చాలామంది పాత సీసం తెచ్చి ఇంటికాడే కరిగించి పోసుకుంటారు. సీసం 327 డిగ్రీలకే కరిగిపోద్ది. కట్టెల పొయ్యి, పాత మూకుడు ఉంటే చాలు. పని తేలిక కాబట్టే ప్రమాదం కంటికి ఆనదు. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తన్నాను.

ముందు తేకూడనిది చెప్తాను. అది బ్యాటరీ సీసం. ఆటోదైనా, ఇన్వర్టర్‌దైనా, ట్రాక్టర్‌దైనా సరే. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికేది ఇదే, అన్నిటికంటే చెడ్డదీ ఇదే. అందులో ఉండేది ఉత్త సీసం కాదు. గంధకామ్లం ఉంటాది, పలకల నిండా సీసం ముద్ద పట్టుంటాది. ఆ ముద్ద ఎండితే పిండిలాగా లేస్తాది. పలకల్లో యాంటిమొనీ, ఒక్కోసారి ఆర్సెనిక్ కూడా కలుస్తాయి. పొయ్యి మీద పెడితే లేచే పొగ, దుమ్ము వాకిట్లో, బట్టల మీద, అన్నం గిన్నెల మీద వాలతాయి. ఆఫ్రికాలోని సెనెగల్ దేశంలో థియారాయ్ అనే ఊళ్ళో ఇలా బ్యాటరీల సీసం తీసిన చోట 2007-08లో 18 మంది పిల్లలు చచ్చిపోయారు.

మరి ఏది నయం? చిరిగిన వలల నుంచి విప్పిన పాత గుళ్ళు అన్నిటికన్నా మేలు. అది ఏ సీసమో మనకి తెలుసు. తర్వాత పాత సీసం పైపు ముక్కలు, కేబుల్ మీద తొడుగు. అయితే కేబుల్ ఎక్కడిదో అడిగి, బిల్లున్నదే కొనండి. దొంగ సరుకైతే కేసు మన మెడకే చుట్టుకుంటాది. టైరు కొట్టులో చక్రాలకి కొట్టే బరువుల్లో ఇప్పుడు ఇనుము, జింకు కలిసిపోతన్నాయి. మంచి సీసమైతే గోటితో గీస్తే గీత పడాలి, కాయితం మీద రాస్తే బూడిదరంగు అంటాలి. జింకైతే గట్టిగా ఉంటాది, కొడితే ఖంగుమంటాది. రంగేసిన ముక్క, నూనె పట్టిన ముక్క, ఏంటో తెలియని ముక్క పక్కన పడెయ్యండి.

మంచి సీసమైనా విషం విషమే. రక్తంలో ఇంత ఉంటే పర్లేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తంది. మింగిన సీసాన్ని పెద్దోళ్ళ ఒంటికంటే పిల్లల ఒళ్ళు నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటాది. ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉండిపోద్ది. కడుపుతో ఉన్న ఆడమనిషి ఎముకల్లోంచి బిడ్డకీ చేరతాది. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం ప్రమాదకర స్థాయిలో ఉంది. అందులో 27 కోట్ల మందికి పైగా మన దేశం పిల్లలే.

పొయ్యక తప్పదంటే ఇవి పాటించండి. ఇంటికి దూరంగా, గాలి మీకు వెనక నుంచి వచ్చేలా నిలబడండి. ముక్కలు, అచ్చు పొడిగా ఉండాలి. కరిగిన సీసంలో తడి ముక్క పడితే ఆవిరి పేలి మొహం మీదకి చిమ్ముద్ది. కరిగితే చాలు, ఎర్రగా కాల్చకండి. పైన తేలిన మడ్డిని డబ్బాలో మూతపెట్టి ఉంచండి. గట్టున, నీళ్ళలో పారబొయ్యకండి. ఆ మూకుడు మళ్ళీ వంటకి వద్దు. మూతికి తువ్వాలు చుట్టుకుంటే సీసం పొగ ఆగదు. పనయ్యాక చేతులు, మొహం సబ్బుతో కడిగి, బట్టలు విడిగా ఉతకండి. పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని ఆ చాయలకి రానివ్వకండి. గుళ్ళు పళ్ళతో నొక్కే అలవాటు ఈ రోజే మానెయ్యండి.

ఏలూరు మనకి గుర్తుండాలి. 2020 డిసెంబరులో వందల మంది మూర్ఛలొచ్చి పడిపోతే, ఎయిమ్స్ రక్త పరీక్షల్లో సీసం, నికెల్ కనిపించాయి. తర్వాత అనుమానం పురుగుమందుల మీదకి మళ్ళింది. కారణం ఏదైనా, మనుషులు పడిపోయాకే పరీక్షలు మొదలయ్యాయి. ఆ పద్ధతే మారాలి.

పాత బ్యాటరీలు సేకరించే బాధ్యత తయారీదారులదేనని 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు చెప్తన్నాయి. మరి ఆ పలకలు పాత సామాన్ల కొట్లో కిలోల లెక్కన ఎందుకు దొరుకుతన్నాయి? చిన్న చేపల గాలాలకి కట్టే సీసం బరువులు హంసలు మింగి చస్తన్నాయని 1987లోనే బ్రిటన్ వాటిని నిషేధించింది. అక్కడ హంసకున్న విలువ ఇక్కడ వలకారుడి బిడ్డకి లేదా? సర్కారు సబ్సిడీ మీద వలతోపాటు తయారు గుళ్ళూ ఇవ్వాలి. సీసం బదులు వాడే బరువులు పరీక్షించి అందించాలి. తీరం ఊళ్ళ పిల్లలకి రక్తంలో సీసం పరీక్ష ఉచితంగా చెయ్యాలి. చేప పట్టి ఊరికి కూడు పెట్టేవాడి పొయ్యిలోంచి విషం లేవకూడదని అడగడం గొంతెమ్మ కోరికేం కాదండి.