విడిపోయిన తల్లిదండ్రులు: పిల్లల సంరక్షణ, మనోవర్తి – మేడ్చల్ ప్రాంతంలో చట్టం నడిచిన దారి

దంపతులు విడిపోతే పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్నది ఒక తగాదా, వారి తిండికీ చదువుకూ ఎవరు ఎంత ఇవ్వాలన్నది మరో తగాదా. మొదటిది కస్టడీ, రెండోది మనోవర్తి. ఈ రెండింటికీ వేర్వేరు చట్టాలు, వేర్వేరు చరిత్రలు ఉన్నాయి. బిడ్డను చూడనివ్వడం లేదు కాబట్టి డబ్బు కట్టనని తండ్రి, డబ్బు పంపడం లేదు కాబట్టి చూడనివ్వనని తల్లి పంతం పట్టడం మామూలే. చట్టం మాత్రం ఒకదాన్ని రెండోదానికి ఎన్నడూ ముడిపెట్టలేదు.

నిజాం కాలం

హైదరాబాద్ నగరం చుట్టూ ఉన్న గ్రామాలతో అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లా ఉండేది. అది నిజాం సొంత ఖజానాకు చెందిన సర్ఫ్-ఎ-ఖాస్ భూమి. మేడ్చల్ ఆ జిల్లాలోనిదే. బ్రిటిష్ ఇండియా చట్టాలు ఇక్కడ వాటంతట అవి అమలయ్యేవి కావు. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరికి వెళ్లేవి. హనఫీ న్యాయం ప్రకారం కొడుకు ఏడేళ్లు వచ్చేదాకా, కూతురు ఈడేరేదాకా తల్లి పోషణలో ఉండాలి. దీన్నే హిజానత్ అంటారు. అప్పుడు కూడా ఖర్చు భారం తండ్రిదే. హిందువులలో సేద్యం, చేతివృత్తుల కులాలవారు చాలామంది తెగతెంపులు ఊరి పెద్దమనుషుల ముందే చేసుకునేవారు. ఆ ఆచార విడాకులను 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా 29వ సెక్షన్ కింద అలాగే ఉంచింది.

పంచాయితీలో కొంత డబ్బు ముట్టజెప్పి, ఇక తల్లికీ పిల్లలకూ ఏ హక్కూ లేదని కాగితం రాయించుకోవడం నేటికీ ఉంది. భార్య తన హక్కు ఎంత వదులుకున్నా, బిడ్డ హక్కును బిడ్డ తరఫున వదులుకునే అధికారం ఆమెకు లేదు. ఆ కాగితం చూపించి బిడ్డ మనోవర్తి కేసును కొట్టేయించుకోవడం కుదరదు.

మదనపల్లె పిల్లల దావా

1890లో బ్రిటిష్ ఇండియాలో గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం వచ్చింది. దానికి అందరికంటే పేరుమోసిన పరీక్ష పెట్టినవాడు ఓ తెలుగు తండ్రి. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానందల తండ్రి నారాయణయ్య 1909లో అడయార్‌లోని దివ్యజ్ఞాన సమాజానికి చేరాడు. అప్పటికే తల్లి లేని ఆ పిల్లల సంరక్షణను 1910 మార్చిలో రాతపూర్వకంగా ఆ సమాజ నాయకురాలు అనిబిసెంట్‌కు అప్పగించాడు. చదువు కోసం ఆమె వారిని ఇంగ్లండ్ తీసుకెళ్లింది. ఆయన మనసు మార్చుకుని 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశాడు. కేసు మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. 1913లో తండ్రి గెలిచాడు, అప్పీలులోనూ గెలిచాడు. 1914లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ మాత్రం దాన్ని తిరగేసింది.

ఆ తీర్పులో తండ్రికి ఓ మంచి మాట దక్కింది: సంరక్షణ ఇంకొకరికి అప్పగించిన తండ్రి, పిల్లల మేలు కోరితే ఆ అప్పగింతను వెనక్కి తీసుకోవచ్చు. అయినా ఓడిపోయాడు. పిల్లలు ఇంగ్లండ్‌లో ఉన్నారు, చెంగల్పట్టు జిల్లాలో మామూలుగా నివసించడం లేదు, కాబట్టి అక్కడి కోర్టుకు ఆ కేసు వినే అధికారమే లేదని కౌన్సిల్ తేల్చింది. పైగా ఆ పిల్లలకు ఏం కావాలో ఎవరూ అడగలేదని తప్పుపట్టింది. 1890 చట్టం 9వ సెక్షన్ అడిగేది ఇదే: పిల్లవాడు మామూలుగా ఎక్కడ ఉంటున్నాడు? నూరేళ్లు దాటాక అమెరికా నుంచి వచ్చిన తెలుగు కుటుంబాల కేసులు కూడా ఈ ప్రశ్న దగ్గరే ఆగాయి.

తండ్రి హక్కు నుంచి బిడ్డ క్షేమానికి

1951 ఏప్రిల్ 1న కేంద్ర చట్టాలు హైదరాబాద్ రాష్ట్రానికి విస్తరించడంతో మేడ్చల్ కూడా ఆ చట్టాల పరిధిలోకి వచ్చింది. 1956లో హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం వచ్చింది. దాని 6వ సెక్షన్ మొదట తండ్రిని, అతని తర్వాత తల్లిని సహజ సంరక్షకులుగా పేర్కొంది. అయిదేళ్లు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని కూడా అక్కడే రాసింది. 13వ సెక్షన్ బిడ్డ క్షేమాన్ని అన్నింటికంటే పైన పెట్టింది. ఒకే చట్టంలో ఉన్న ఈ రెండు సెక్షన్ల మధ్య పొసగకపోవడమే తర్వాతి నాలుగు దశాబ్దాల వ్యాజ్యాలకు మూలం.

1973లో సుప్రీంకోర్టు, పిల్లలు తల్లిదండ్రులకు సొత్తు కాదు, ఆటబొమ్మలూ కాదు అని స్పష్టం చేసింది. కస్టడీ ఉత్తర్వు శాశ్వతం కాదనీ, పరిస్థితులు మారితే మార్చవచ్చనీ తీర్మానించింది. 1999 ఫిబ్రవరిలో రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వ్ బ్యాంకుపై వేసిన కేసు తేలింది. కొడుకు పేరిట బాండ్లు కొనడానికి తల్లి సంతకం చాలదన్న బ్యాంకు నిబంధన మీదే ఆ పోరాటం. 6వ సెక్షన్‌లో తండ్రి తర్వాత అంటే తండ్రి చనిపోయాకే అని కాదనీ, అతను అందుబాటులో లేకపోయినా, పట్టించుకోకపోయినా తల్లి సంరక్షకురాలు కావచ్చనీ కోర్టు వివరించింది. తండ్రి బతికుండగా కోర్టు మరొకరిని సంరక్షకులుగా నియమించకుండా 1890 చట్టంలో ఉన్న అడ్డును 2010లో సవరించారు. ఆ సెక్షన్‌లో తండ్రి పక్కన తల్లి కూడా చేరింది.

ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన మరో కేసు ఇంటిపేరు మీద నడిచింది. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లిపై బిడ్డ తాతా నాయనమ్మలు 2008లో సంరక్షణ కోసం పిటిషన్ వేశారు. సంరక్షణ తల్లిదేనన్న హైకోర్టు, రికార్డుల్లో రెండో భర్తను సవతి తండ్రిగా రాయించాలని కూడా ఆదేశించింది. 2022 జూలైలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసి, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది. ఇంటిపేరుతోనే మనిషిని పోల్చుకునే తెలుగువాళ్లకు ఈ తీర్పు బాగా తగిలే విషయం.

మనోవర్తి: యాభై రూపాయల నుంచి

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ భార్యకూ పిల్లలకూ కలిపి నెలకు 50 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. 1923లో అది 100, 1955లో 500 అయింది. 1973 కోడ్ 125వ సెక్షన్‌లో కూడా అదే 500 కొనసాగింది. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా, కేంద్ర చట్టంలో ఆ అంకె నలభై ఆరేళ్లు కదల్లేదు. ఈ చరిత్రలో ఇంతకంటే సిగ్గుచేటైన భాగం లేదు. 2001 సవరణ పరిమితిని ఎత్తివేసి, మధ్యంతర మనోవర్తిని నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చేర్చింది. 2024 జూలై 1 నుంచి ఇదే ఏర్పాటు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్‌గా ఉంది.

పెళ్లిలో పుట్టినా, పెళ్లి బయట పుట్టినా మైనరు బిడ్డకు ఈ హక్కు ఉంటుంది. వైకల్యంతో తనను తాను పోషించుకోలేని వారికి మేజరయ్యాక కూడా వర్తిస్తుంది. పెళ్లికాని హిందూ కూతురికి 1956 దత్తత, మనోవర్తి చట్టం 20వ సెక్షన్ ఇంకాస్త విశాలమైన దారి చూపుతుంది. విడాకులైన ముస్లిం తల్లి విషయంలో చట్టం మారుతూ వచ్చినా, ఆమె పిల్లల మనోవర్తి హక్కు 125వ సెక్షన్ కింద యథాతథమని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జూలై 10న తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో ఆ తల్లికీ ఆ దారి ఉందని తేల్చింది.

వసూలే అసలు కష్టం. నెల కట్టకపోతే వారంటు, బకాయి ఉన్న ఒక్కో నెలకు నెలరోజుల వరకు జైలు. జైలుకెళ్లినంత మాత్రాన బాకీ తీరదని 1988లో సుప్రీంకోర్టు కుండబద్దలు కొట్టింది. కానీ బకాయి పడిన ఏడాదిలోపే వారంటుకు దరఖాస్తు పెట్టాలి. వాయిదాల మీద వాయిదాలతో అలసిపోయిన తల్లులు పోగొట్టుకునేది తరచుగా ఈ గడువు దగ్గరే. సివిల్ డిక్రీ అయితే మనోవర్తి కోసం జీతంలో మూడింట రెండు వంతుల దాకా జప్తు చేయవచ్చు, మిగిలిన వంతు ఉద్యోగికి వదలాలి.

జీతం దాచి సగం చూపించే అలవాటుకు 2020 నవంబర్ 4న రజనేష్, నేహ కేసు తీర్పు కళ్లెం వేసింది. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, రాబడి ప్రమాణపత్రం దాఖలు చేయాలి, మనోవర్తి దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్క. బిడ్డ ఖర్చులో తిండీ బట్టా మాత్రమే కాదు, ఫీజులు, కోచింగు, వైద్యం కూడా చేరతాయి. తల్లి సంపాదిస్తుంటే, చదువు ఖర్చును ఇద్దరి రాబడికి తగ్గట్టు పంచవచ్చు.

మేడ్చల్ ఏ కోర్టుకు

1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ముందు రాజీకి ప్రయత్నించమంటుంది. లాయరు వాదించడం అక్కడ హక్కు కాదు, కోర్టు అనుమతి మీద సాగేది. మేడ్చల్ రంగారెడ్డి జిల్లాలో ఉన్నప్పుడు జిల్లా కోర్టు ఎల్బీనగర్‌లో ఉండేది. 2016 అక్టోబర్ 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది, 2022 జూన్ 2న దానికి సొంత న్యాయ జిల్లా వచ్చింది. మహిళలకూ పిల్లలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఇవ్వాలని 1987 లీగల్ సర్వీసెస్ చట్టం చెబుతుంది. ఆ సాయం కోసం ఫోను నంబరు 15100.

కొంపల్లి ఫ్లాట్లో కాపురం విడిచిన తల్లి బిడ్డతో కరీంనగర్ పుట్టింటికి చేరితే కస్టడీ కేసు ఎక్కడ వేయాలన్నది చిక్కు. బిడ్డ ఎక్కడ కుదురుకున్నదో 9వ సెక్షన్ చూస్తుంది. మనోవర్తికి ఆ చిక్కు లేదు, ఆమె ఉంటున్న ఊళ్లోనే వేయవచ్చు.

బిడ్డ నివాసం ఎక్కడన్న ఇదే ప్రశ్న సముద్రాలు దాటింది. పెన్సిల్వేనియాలో స్థిరపడిన తెలుగు దంపతుల మధ్య విడాకుల కేసు నడుస్తుండగా 2017లో తల్లి ఇద్దరు పిల్లలతో హైదరాబాద్ వచ్చి ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో సంరక్షణ పిటిషన్ వేసింది. పిల్లలు అమెరికాలో పుట్టి పెరిగారనీ, హైదరాబాద్‌లో కొద్దికాలం ఉన్నంత మాత్రాన ఇక్కడ నివసిస్తున్నట్టు కాదనీ హైకోర్టు తేల్చింది. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు దాన్ని ఖాయపరచి, పిల్లలను తిరిగి పంపమంది. అంతర్జాతీయంగా ఎత్తుకెళ్లిన పిల్లల గురించిన 1980 హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. అందుకే ఇలాంటివి ఒక్కో కేసుగా, బిడ్డ క్షేమం పేరిట తేలుతున్నాయి.

2020 జనవరిలో సుప్రీంకోర్టు, వేరే దేశంలో ఉన్న తల్లి లేదా తండ్రి బిడ్డతో రోజూ వీడియోకాల్‌లో మాట్లాడే వీలు ఉండాలని చెప్పాక ఆ ఏర్పాటు కస్టడీ ఉత్తర్వుల్లో మామూలైపోయింది. తల్లీ తండ్రీ కలిసి సంరక్షించే పద్ధతికి 2015 మేలో లా కమిషన్ 257వ నివేదిక నమూనా సూత్రాలు రాసిచ్చింది. పార్లమెంటు ఇంకా దాన్ని చట్టం చేయలేదు. ప్రస్తుతం ఎవరికైనా ఉమ్మడి సంరక్షణ దక్కిందంటే, అది ఒప్పందం వల్లనో, ఒక న్యాయమూర్తి విచక్షణ వల్లనో దక్కిందే.