నౌపడ ఉప్పు, గోనెపాడు పాట

నౌపడ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి రెండే: ఉప్పు మడులు, రైలు జంక్షను. స్వాతంత్ర్య పోరాట చరిత్ర రాసేవాళ్లు ఈ రెండింటినీ దాటుకుని వెళ్లిపోతుంటారు. ఉప్పు కథ కోసం దండిలో ఆగుతారు, ఆంధ్రదేశం మాట వస్తే మచిలీపట్నంలో ఆగుతారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఎక్కడో లండన్‌లో, డబ్లిన్‌లో, ఓడ మీద పుట్టిన రాతలు పల్లెటూరి మనిషి గుండెదాకా ఏ దారిన వచ్చాయో తెలియాలంటే మా ఉద్దానం వైపు రావాలి.

మద్రాసు రాష్ట్రంలో ఉప్పు మీద గుత్తాధికారాన్ని ఈస్టిండియా కంపెనీ 1805లో చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత పద్ధతులు మారాయి, చట్టాలు మారాయి గానీ పట్టు సడలలేదు. సముద్రం మనది, ఎండ మనది, మడి కట్టి నీళ్లు పెట్టి ఉప్పు గీసే చేతులు మనవి. గీసిన ఉప్పు మాత్రం సర్కారు కొఠారుకు చేరి, పన్ను కట్టాకే బయటికి రావాలి. చవుడు నేల మీద తనంతట తాను పేరిన ఉప్పును గుప్పెడు గోకి తెచ్చుకున్నా నేరమే. 1923లో ఈ పన్నును మణుగుకు రెండున్నర రూపాయలు చేశారు. గోల పుట్టాక మరుసటేడు రూపాయి నాలుగణాలకు దించారు. మణుగంటే మన లెక్కలో సుమారు 37 కిలోలు. గంజి నీళ్లతో పూట గడుపుకునే ఇంటికి కూడా ఉప్పు లేకుండా కుదరదు కాబట్టి ఈ పన్ను అందరికన్నా పేదవాడి మీదే ఎక్కువ బరువు.

1805 నుంచి 1930 దాకా లెక్కేస్తే 125 ఏళ్లు. అంతకాలం జనం దీన్ని భరించారు. కష్టం లేకనా? కాదు. కరువొచ్చినట్టు, తుపానొచ్చినట్టు పన్ను కూడా వస్తుందనుకున్నారు. అది ఒక దేశం మరో దేశానికి చేస్తున్న అన్యాయమనీ, దానికి లెక్కలున్నాయనీ, కాదని చెప్పే హక్కు మనకుందనీ ఎవరో ఒకరు చెప్పాలి. నా దృష్టిలో స్వాతంత్ర్యోద్యమానికి రాతలు చేసిన అసలు మేలు ఇదే. బాధను అవి పుట్టించలేదు, బాధకు బాధ్యుడెవరో చూపించాయి.

దాదాభాయి నౌరోజీ 1901లో అచ్చువేసిన పుస్తకంలో ఈ దేశపు సంపద ఏటేటా బయటికి ఎలా తరలిపోతోందో ఇంగ్లీషువాళ్ల లెక్కలతోనే నిరూపించారు. గాంధీ టాల్‌స్టాయ్‌ని, రస్కిన్‌ను, థోరోను చదివారు. 1909 నవంబరులో లండన్ నుంచి దక్షిణాఫ్రికాకు తిరిగి వెళ్తూ ఓడలో గుజరాతీలో ‘హింద్ స్వరాజ్’ రాశారు. ఉప్పు పన్ను అన్యాయం ఆ చిన్న పుస్తకంలోనే ఉంది, దండికి ఇరవై ఏళ్ల ముందే. మరుసటి ఏడాది దాన్ని ఇక్కడ నిషేధించారు. పుస్తకానికి దొరలు భయపడ్డారంటే దాని బలమెంతో వాళ్లకు తెలిసిందన్నమాట.

అయితే ఆ పుస్తకాలు చదివినవాళ్లు మా తీరంలో ఎందరు? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడే గరిమెళ్ల సత్యనారాయణ గారి గురించి చెప్పాలి. ఆయన 1893లో నరసన్నపేట తాలూకా గోనెపాడులో పుట్టారు. అప్పటికి అదీ, మా నౌపడా గంజాం జిల్లావే. సహాయ నిరాకరణ రోజుల్లో ఆయన రాసిన ‘మాకొద్దీ తెల్లదొరతనము’ తెలుగునాడంతా పాకింది. నౌరోజీ వందల పేజీల్లో చెప్పిన దోపిడీని గరిమెళ్ల అక్షరం రానివాడు కూడా పాడుకునేలా చెప్పారు. ఉప్పు ముట్టుకోవడమే దోషమైపోయిన రోజుల గోడు ఆ పాటలో ఉంది. ఉప్పు మడుల పక్కన బతికే మాకు అది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. 1922లో సర్కారు ఆయనకు జైలుశిక్ష వేసింది. ఒక పాటకు జైలు! ఆ పాట కాకినాడలో, రాజమండ్రిలో పాడినప్పటి కథలు అందరూ రాశారు. గోనెపాడు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మాటను జనం నోటికి దగ్గర చేసే పని మా పక్కనే అంతకుముందే మొదలైంది. నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు 1900లో పడింది. ఆ లైను అవతలి కొసన గిడుగు రామమూర్తి గారు సవరల పిల్లలకు బడి పెట్టి, వాళ్ల భాష నేర్చుకుని, తెలుగు రాత జనం మాట్లాడే తెలుగులో ఉండాలని పోరాడారు. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు. అది రాజకీయం కాదనేవాళ్లున్నారు. నేనొప్పుకోను. జనానికి అర్థంకాని భాషలో ఏ స్వరాజ్యం గురించి రాసినా అది పండితుల సొత్తుగానే మిగులుతుంది.

ఇక పెద్ద లైను సంగతి. అప్పట్లో అది బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఆ లైను మీదున్న బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఇంగ్లండు గుప్పిట్లో నలుగుతున్న ఐర్లండును కళ్లారా చూశారు. 1916లో అక్కడ తిరుగుబాటు జరిగిన ఏడాదే దేశం విడిచి వెళ్లమన్నారు, తిరిగొచ్చారు. వచ్చినాయన వకీలు పనితో సరిపెట్టుకోకుండా ఇదే రైల్వేలో కార్మికులను కూడగట్టారు. ఒక వలసదేశం మరో వలసదేశానికి పాఠం చెప్పడమంటే ఇదే.

1930 ఏప్రిల్‌లో దండి కబురు వచ్చేసరికి నేల సిద్ధంగా ఉంది. బారువ కుర్రాడు గౌతు లచ్చన్న, గీత కార్మికుల ఇంటి బిడ్డ, బారువ దగ్గర సముద్రపు నీళ్లతో ఉప్పు వండి అమ్మాడు, ఆ డబ్బు ఉద్యమానికిచ్చాడు. అప్పటికి ఆయనకు ఇరవై ఒకటి నిండలేదు. పలాసలో అరెస్టు చేసి టెక్కలి, నరసన్నపేట సబ్‌జైళ్లలో ఉంచారు, బరంపురం జైలులో నెలరోజుల శిక్ష అనుభవించాడు. తర్వాత జనం ఆయన్ని సర్దార్ అన్నారు.

ఒక అన్యాయాన్ని ప్రశ్నించడం నేర్చిన జనం అక్కడితో ఆగరు. సముద్రం ఎవరిదని అడిగినవాళ్లు అడవి ఎవరిదని కూడా అడిగారు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభలు జరిగాయి. అధ్యక్షుడిగా ఎన్నికైన రాహుల్ సాంకృత్యాయన్‌ను సర్కారు ముందే అరెస్టు చేసింది. బౌద్ధం, మార్క్సిజం రెండూ ఔపోసన పట్టిన ఆ పండితుడు రాకపోయినా మాట వచ్చింది. సభలు ముగిసి వారం తిరక్కుండానే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో అడవి మీద హక్కు కోసం నిలబడ్డ రైతులను పట్టుకోవడానికి పోలీసులు వచ్చారు. ఆడవాళ్లు అడ్డం పడ్డారు. ముందు నిలిచిన సాసుమాను గున్నమ్మ నిండు గర్భిణి. తూటా ఆమెను బలిగొంది, ఆమెతోపాటు మరికొందరిని కూడా. కాల్పుల వెనక నిలిచింది తెల్లదొర ఒక్కడే కాదు, మన జమీందారు కూడా. స్వాతంత్ర్యం అనే మాటకు అర్థం ఆ రోజు మా ప్రాంతంలో మరికాస్త పెద్దదైంది. పెద్ద పెద్ద సిద్ధాంత గ్రంథాలు దాన్ని నిర్ణయించాయని నేననను. వాటి సారం విన్నవాళ్లు తమ బతుకుకు అన్వయించుకుని నిర్ణయించారు.

ఉప్పు పన్ను 1947లో పోయింది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. గరిమెళ్ల గారు 1952 డిసెంబరులో మద్రాసులో కడు పేదరికంలో కన్నుమూశారు. మా పిల్లలు దండి పేరు ఠక్కున చెబుతారు, గోనెపాడు ఏ దిక్కునుందో చెప్పలేరు. టెక్కలి, పలాస బడుల్లో పంద్రాగస్టు నాడు జెండా ఎత్తాక గరిమెళ్ల పాట పాడించాలి, లచ్చన్న ఉప్పు సంగతి, గున్నమ్మ సంగతి చెప్పించాలి. మా జంక్షను ప్లాట్‌ఫారం మీద ఈ ముగ్గురి పేర్లూ రాసిన బోర్డు పెట్టాలని పంచాయతీలో అడగబోతున్నాను. ఊళ్లో నాతో పాటు సంతకం పెట్టేవాళ్లు రావాలి.