అలన్ పెరెల్సన్

అలన్ పెరెల్సన్ అమెరికాకు చెందిన గణన జీవశాస్త్రవేత్త. వ్యాధినిరోధక వ్యవస్థను గణిత సమీకరణాలతో అధ్యయనం చేసే శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఈయన ఒకడు. మానవ శరీరంలో హెచ్.ఐ.వి. ఎంత వేగంగా పుట్టి నశిస్తుందో లెక్కగట్టి ప్రసిద్ధుడయ్యాడు.

జీవితం

1947లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో జన్మించాడు. 1967లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జీవశాస్త్రం, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులలో పట్టభద్రుడై, 1972లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి జీవభౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందాడు. వృత్తిజీవితంలో అధికభాగం లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో గడిపాడు. తొలి అణుబాంబు రూపొందిన చోట జీవశాస్త్రమేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. అక్కడ జార్జి బెల్ అనే భౌతికశాస్త్రవేత్త 1970 నాటికే ప్రతిరక్షకాల ఉత్పత్తికి గణిత నమూనాలు రచిస్తున్నాడు.

హెచ్.ఐ.వి. పరిశోధన

చికిత్స లేనప్పుడు హెచ్.ఐ.వి. సోకిన వ్యక్తికి ఎయిడ్స్ ముదరడానికి సగటున పదేళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలో రక్తంలో వైరస్ మోతాదు దాదాపు స్థిరంగా ఉంటుంది గనుక అది మందకొడిగా ఉన్నదని పలువురు భావించేవారు. బడిపిల్లలు చేసే నీటితొట్టి లెక్క ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. ఒక కుళాయి నింపుతుండగా మరొకటి అంతే వేగంతో ఖాళీ చేస్తుంటే నీటిమట్టం కదలదు. నింపే కుళాయిని కట్టివేస్తేనే రెండవదాని వేగం తెలుస్తుంది.

న్యూయార్క్‌లోని వైద్యుడు డేవిడ్ హోతో కలిసి పెరెల్సన్ చేసినది ఇదే. కొత్త వైరస్ తయారీని అడ్డుకొనే రిటోనవిర్ అనే మందును 20 మంది రోగులకు ఇచ్చి, రక్తంలో వైరస్ తగ్గే తీరును కొలిచారు. ఫలితాలు 1995లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. జార్జి షా బృందం అదే సంచికలో ఇదే నిర్ణయాన్ని ప్రకటించింది. 1996లో ఐదుగురు రోగులపై మరింత సూక్ష్మంగా జరిపిన అధ్యయనంలో వైరస్ రేణువుల అర్ధాయువు సుమారు 6 గంటలని, రోజుకు దాదాపు 1,000 కోట్ల రేణువులు పుడుతున్నాయని తేలింది.

ఇంత వేగంగా పెరిగే వైరస్‌లో ఏ ఒక్క మందునైనా తట్టుకొనే ఉత్పరివర్తనాలు అనివార్యం. కనుకనే అనేక మందులను ఒకేసారి వాడే చికిత్సకు ఈ లెక్కలు బలమైన ఆధారమయ్యాయి.

అంచనా, వాస్తవం

వైరస్‌ను పూర్తిగా అణచివేసే చికిత్సను 2.3 నుండి 3.1 సంవత్సరాలు కొనసాగిస్తే శరీరం నుండి దానిని నిర్మూలించవచ్చునని 1997లో పెరెల్సన్ బృందం అంచనా వేసింది. గుర్తించని స్థావరాలుంటే ఈ గడువు పెరుగుతుందని కూడా హెచ్చరించింది. ఆ హెచ్చరికే నిజమైనది. నిద్రాణస్థితిలోని టి-కణాలలో దాగిన వైరస్ అర్ధాయువు సుమారు 44 నెలలని, నిర్మూలనకు 60 ఏళ్లకు పైగా పట్టవచ్చునని 1999లో రాబర్ట్ సిలిసియానో బృందం చూపింది. హెచ్.ఐ.వి. మందులను జీవితాంతం వాడవలసి రావడానికి కారణమిదే.

ఇతర కృషి

1998లో హెపటైటిస్-సి వైరస్‌కు ఇదే పద్ధతిని అన్వయించి, రోజుకు సుమారు లక్ష కోట్ల రేణువులు పుడతాయని లెక్కించారు. 1994లో స్టెఫనీ ఫారెస్ట్ తదితరులతో కలిసి, టి-కణాలు స్వపరభేదం నేర్చుకొనే తీరును అనుసరించి కంప్యూటర్ వైరస్‌లను పసిగట్టే విధానాన్ని ప్రతిపాదించాడు. 2017లో అమెరికన్ ఫిజికల్ సొసైటీ వారి మాక్స్ డెల్‌బ్రుక్ బహుమతి ఈయనకు లభించింది.