హరిణవనమునకు ఎల్ల యెంత?

గడచిన చలికాలమున మా పాఠశాల యెనిమిదవ తరగతి పిల్లలను వెంటబెట్టుకొని వనస్థలిపురమునందలి మహావీర హరిణ వనస్థలికి పోయితిని. ఉప్పల్ కూడలిలో బస్సెక్కి, నాగోలు, ఎల్బీనగరు దాటి, విజయవాడ రహదారిని పట్టి కొంతదూరము సాగిన పిమ్మట కంచె కానవచ్చును. కంచెకు ఇవతల లారీలు, మెకానిక్కుల కొట్లు, టైర్ల గుట్టలు. అవతల ముండ్లపొదలు, ఎండిన గడ్డి, ఆ గడ్డిలో చెవులు నిక్కించి నిలిచిన కృష్ణజింకల మంద. నాచారము పారిశ్రామికవాడలో పనిచేయు కార్మికుని కుమారుడొకడు నా చేతిసంచి పట్టి లాగి, "సార్, గీ జింకలు ముందుగాల ఉన్నయా, గీ రోడ్డు ముందుగాల వచ్చిందా?" అని యడిగెను. జింకలే ముందని చెప్పితిని. "మరి కంచె జింకలకెందుకు ఏసిన్రు సార్? రోడ్డుకు ఎయ్యాలె గద!" అని వాడు తిరిగి యనెను. తక్కిన పిల్లలు గొల్లున నవ్విరి. నేను మాత్రము ఇరువది యేండ్లుగా చరిత్ర చెప్పుచున్నవాడనయ్యు, వానికి తగిన యుత్తరము తోచక యూరకుంటిని. ఈ వ్యాసము వానికి నేను బాకీపడిన సమాధానమే.

కృష్ణజింక దట్టమైన యడవులలో నుండు మృగము కాదు. చెట్లు పలుచగా నుండి చూపునకు అడ్డులేని గడ్డిమైదానములు దానికి నెలవు. దక్కను పీఠభూమి యంతయు ఒకప్పుడట్టి నేలయే. మన ధర్మశాస్త్రకారులు ఈ జింక స్వేచ్ఛగా తిరుగు దేశమును పవిత్రదేశముగా నెంచిరి. దాని చర్మమును వటువులకు విధించిరి. చర్మము కావలెనన్న జింక చావవలెను గదా యను శంక వారికి కలిగినట్లు తోచదు. మొగలాయీ ప్రభువులును, దక్కను సుల్తానులును మచ్చికచేసిన చీతాలను వదలి ఈ జింకను వేటాడించిరి. కాలము తమాషా చూడుడు. వేటాడిన చీతా మన దేశమున నశించినట్లు 1952లో ప్రకటింపబడినది. 2022లో నమీబియా నుండి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశమునందలి కూనో జాతీయోద్యానమున విడువవలసి వచ్చెను. వేటాడబడిన జింక మాత్రము హైదరాబాదు పొలిమేరలో లారీల హారనులు వినుచు నేటికిని మేయుచున్నది.

అది మిగిలినది ఎవరి దయచేత? సత్యము చెప్పవలెనన్న, నిజాము ప్రభువుల వేటసరదా చేతనే. నేటి హరిణ వనస్థలి వారి స్వంత వేటభూమి. ప్రభువు వేటాడు చోట ఇతరుల గొడ్డలి యాడరాదు, ఇతరుల నాగలి దున్నరాదు. ప్రభువు తాను చంపుటకై దాచుకొన్న మృగములే ప్రజలకు దక్కినవి. ఇందులో వింతయేమియు లేదు. కౌటిల్యుని అర్థశాస్త్రము రెండవ యధికరణమున రెండు విధములైన మృగవనములు చెప్పబడినవి. ఒకటి రాజు విహరించుటకు: చుట్టును కందకము, ఒకే ద్వారము, ముండ్లులేని చెట్లు, గోళ్లు కోరలు తీసివేసిన క్రూరమృగములు. రెండవది రాజ్యపు అంచున నుండును. అందు అన్ని మృగములును అతిథులే. మన హైదరాబాదునందలి ఉద్యానములన్నియు మొదటి జాతిలో పుట్టి, రెండవ జాతిగా మారవలెనని ప్రయత్నించుచున్నవి. ఆ ప్రయత్నమే వీని చరిత్ర.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. కృష్ణజింక ఆ చట్టపు మొదటి పట్టికలోనికెక్కినది. జైన తీర్థంకరుడైన వర్ధమాన మహావీరుడు నిర్వాణమొంది 2500 సంవత్సరములు నిండిన సందర్భమున 1975లో ఈ వేటభూమి, 3605 ఎకరములు, హరిణ వనస్థలిగా ఏర్పడెను. చీమకైనను హాని తలపెట్టని మహాత్ముని పేరు వేటభూమికి పెట్టుట యెవరి యూహయో కాని, మెచ్చదగినది. 1994లో దానికి జాతీయోద్యాన హోదా లభించినది. అదే సంవత్సరమున పడమట చిలుకూరు వద్ద మృగవని యను మరియొక ఉద్యానమునకును ఆ హోదా వచ్చెను.

జాతీయోద్యాన మనగా నేమో చాలమంది సరిగా నెరుగరు. పిల్లలాడుకొను పార్కువంటిదే, కొంచెము పెద్దది యనుకొందురు. అభయారణ్యమున కొన్ని షరతులతో పశువులను మేపవచ్చును. జాతీయోద్యానమున మేక కూడ మేయరాదు. కట్టెలేరరాదు. దాని హద్దులు మార్చుట మరియు కష్టము. మొదట 1972 చట్టము, రాష్ట్ర శాసనసభ తీర్మానము లేనిదే హద్దు కదల్పరాదని విధించినది. 2002లో చేసిన సవరణ ఆ మాటను తీసివేసి, జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావలెనన్నది. ఈ మార్పు మంచిదా చెడ్డదా యని పండితులు వాదింతురు. నిపుణుల చేతిలో నుండిన ఉద్యానము రాజకీయపు గాలులకు చలింపదని కొందరు. నా మట్టుకు నాకు, శాసనసభలో తీర్మానము పెట్టినయెడల కనీసము మరునాటి పత్రికలో ఒక మూలనైన ప్రజలు చదివి యుందురని తోచును. మండలి సమావేశమున నేమి జరిగినదో మన యిండ్లకు చేరదు.

ఇట్లు లోపలి నేలకు చట్టము ఉక్కుకోట కట్టినది. కావున తగవు వెలుపలికి, అంచునకు పోయినది.

దీనికి జూబిలీహిల్సు నందలి ఉద్యానమే సాక్షి. యువరాజు ముకర్రంజాకు 1967లో చిరాన్ ప్యాలెస్ కట్టబడినది. దాని చుట్టు నున్న ఆవరణ సుమారు 400 ఎకరములు. బండరాళ్లు, నెమళ్లు, సీతాఫలపు చెట్లు గల ఆ నేల చుట్టును నగరము పెరిగి పెరిగి దానిని ద్వీపముగా చేసినది. 1998లో ఆ యావరణమున అధికభాగమును జాతీయోద్యానముగా ప్రకటించి, మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు పెట్టిరి. ప్రాతఃకాలమున దాని చుట్టు నడచువారిలో న్యాయమూర్తులు, వైద్యులు, సినిమావారు, వర్తకులు అందరును గలరు. 2016లో ప్రభుత్వము దాని చుట్టునున్న కూడళ్లలో ఫ్లైఓవర్లు కట్టుటకు పూనుకొని, అందుకై మూడువేలకు పైగా చెట్లు తొలగింపవలసియున్నదని తేలినప్పుడు ఈ నడకవారే ముందు మేల్కొనిరి. చెట్లను కౌగిలించుకొనిరి, చేతులు కలిపి గొలుసుగా నిలిచిరి, జాతీయ హరిత న్యాయస్థానమునకు పోయిరి. న్యాయస్థానము పని నిలుపుదల చేసెను. 2024లో అవే కూడళ్లకు ఫ్లైఓవర్లు, అండర్‌పాసులు క్రొత్త పేరుతో మరల వచ్చినవి. వ్యవహారము మరల కోర్టుల కెక్కినది.

ఈ నడుమ 2020లో జరిగినది మాత్రము తగినంతగా చర్చకు రాలేదు. జాతీయోద్యానముల చుట్టు "పర్యావరణ సున్నిత మండలము" అను నొక పట్టీ ఉండవలెనని కేంద్రప్రభుత్వపు నియమము. లోపలి ప్రాణులకు బయటి దెబ్బ నేరుగా తగులకుండ మెత్తగా నడుమ నిలుచు నేల యన్నమాట. అందు అన్ని పనులును నిషిద్ధములు కావు. కొన్ని నిషిద్ధములు, కొన్ని యనుమతికి లోబడినవి. 2002 నాటి జాతీయ వ్యూహమున ఈ పట్టీ పది కిలోమీటర్లు ఉండవలెనని తలచిరి. 2022 జూన్ 3న సుప్రీముకోర్టు కనీసము ఒక కిలోమీటరు ఉండవలసినదే యన్నది. 2023 ఏప్రిల్ 26న తన యుత్తరువును సడలించి, ప్రకటనలు వెలువడిన ఉద్యానములకు అది వర్తింపదన్నది. జూబిలీహిల్సు ఉద్యానమునకు 2020లో నిర్ణయించిన పట్టీ వెడల్పు 3 మీటర్లు మొదలు 29.8 మీటర్ల వరకు.

మూడు మీటర్లు! నేను బడిలో టేపు తెప్పించి వేపచెట్టు మొదలు నుండి కొలిపించితిని. ఇద్దరు పిల్లలు తలకు తల యానించి పండుకొన్నంత. మా బడి వరండాయే దానికంటె వెడల్పు.

అట్లని పది కిలోమీటర్లే కావలెనని మొండికెత్తుట న్యాయము కాదు. హరిణ వనస్థలి చుట్టు పది కిలోమీటర్ల గీత గీసినయెడల ఉప్పల్ అంతయు అందులో పడును. నాచారము అంచున నిలుచును. మా ఇంటి నిర్మాణమునకును, మా వీథి రొట్టెల బట్టీకిని అనుమతు లడుగవలసి వచ్చును. మా పొరుగున నున్న యువకుడు దినమునకు రెండు గంటలు నాచారమునుండి మాధాపురమునకు పోయివచ్చుటలోనే వెచ్చించును. "మాస్టారూ, నెమళ్లకు ఊపిరాడటం లేదని మీరు బాధపడతారు. ఆ సిగ్నల్ దగ్గర నాకు ఊపిరాడటం లేదే, ఆ మాట ఎవరు వ్రాస్తారు?" అని నన్నొకనాడు నిలవేసెను. అతని మాట తీసివేయదగినది కాదు. జూబిలీహిల్సు కూడలిలో నిలిచిపోవు వాహనములలో అక్కడ నడచువారివి కొన్ని, మా తూర్పు పేటలవారివి మరికొన్ని. రోడ్డు ఎవరికి, చెట్టు ఎవరికి అని వాదించునప్పుడు రెండు పక్షములవారును ఒకే బల్లమీద కూర్చుండవలెను. పదినుండి మూడునకు దిగిన కొలత ఏ లెక్కచే దిగినదో ఆ బల్లమీద తెలియజెప్పవలెను. నా ఆక్షేపణ యంతయు అది చెప్పకపోవుటకే.

ఇచ్చట మరియొక మాట దాచక చెప్పవలెను. హరిణ వనస్థలి వైశాల్యము పదునాలుగున్నర చదరపు కిలోమీటర్లకు పైన. జూబిలీహిల్సు ఉద్యానము ఒకటిన్నర కూడ లేదు. పదింతలు పెద్దది మనది. అయినను దానిని గురించి పత్రికలలో పడిన సిరా అందులో పదవపాలును ఉండదు. కారణము వెదకనక్కరలేదు. అచ్చట నడచువారికి న్యాయవాదులు స్నేహితులు. ఇచ్చట కంచె ప్రక్కన బ్రతుకువారికి మెకానిక్కులు, లారీ క్లీనర్లు స్నేహితులు. మా ఉప్పల్ రోడ్డుమీదనే సీసీఎంబీ యను మహాసంస్థ యున్నది. అంతరించుచున్న జంతువుల కొరకై అది 1998లో అత్తాపురమున లాకోన్స్ అను ప్రయోగశాలను ఆరంభించినది. జింక రక్తపుబొట్టులో నేమున్నదో చెప్పగల విద్వాంసులు ఆ సంస్థలో నున్నారు. దానికి కూతవేటు దూరమున కాపురముండు మాకు జింక యుండు వనము పొలిమేర యెక్కడనో తెలియదు. విద్య సమీపమున నున్నంత మాత్రమున విద్యావంతులము కాలేము.

పేరు లేని వనమునకు కూడ ప్రజాచర్చ ప్రాణము పోయగలదని 2025లో చూచితిమి. కంచ గచ్చిబౌలి యందు కేంద్రీయ విశ్వవిద్యాలయము ప్రక్కనున్న 400 ఎకరములలో యంత్రములు దిగి చెట్లు కూల్చినప్పుడు విద్యార్థులు అడ్డుపడిరి. నెమళ్ల యరుపులు దేశమంతయు వినబడెను. ఏప్రిల్ 3న సుప్రీముకోర్టు తనంతట తానే వ్యవహారము చేపట్టి పని ఆపించినది. ఆ నేల జాతీయోద్యానము కాదు, అభయారణ్యము కాదు; ప్రభుత్వము తనదనిన భూమి. "కంచ" యనగా మా తెలంగాణమున పశువులు మేయు బీడు. మేతబీడును వనమని వాదించి నిలుపుట, వనమైన చోట మేతను నిషేధించుట, రెండును మన కాలపు న్యాయములే. గొల్లవానిని అడిగినవారు రెండు చోట్లను లేరు. నల్లమలలో చెంచులది మరియు పెద్ద కథ; 2019లో యురేనియం త్రవ్వకమునకు ఎదురు నిలిచినప్పుడు మాత్రము చెంచుల గొంతు నగరవాసుల గొంతుతో కలిసి వినబడినది, శాసనసభయు సెప్టెంబరులో ఏకగ్రీవముగా తీర్మానించినది. దానిని వేరొక వ్యాసమున చెప్పెదను.

ఇక మన గృహస్థులు చేయదగినదేమి? పట్టీ వెడల్పును నిర్ణయించు ముందు కేంద్రప్రభుత్వము ముసాయిదా ప్రకటించి, అరువది దినముల గడువులో ఎవరైనను ఆక్షేపణ పంపవచ్చునని చట్టము చెప్పుచున్నది. ఎవరైనను అను మాట గొప్పది. కాని ఆ ముసాయిదా భారత గెజెట్టులో హిందీలోను ఇంగ్లీషులోను అచ్చగును. సర్వేనంబర్లు, అక్షాంశ రేఖాంశములు నిండిన ఆ కాగితమును వనస్థలిపురపు మెకానిక్కుగాని, నాచారపు కార్మికుడుగాని చదువగలడా? చదువనివాడు ఆక్షేపింపడు; ఆక్షేపింపనివాడు సమ్మతించినట్లు లెక్క. ముసాయిదాను తెలుగున, ఉర్దూలో అచ్చొత్తించి వార్డు కార్యాలయపు గోడకు అంటించుటకును, ఒక ఆదివారము సాయంకాలము బడి ఆవరణలో చదివి వినిపించుటకును ప్రభుత్వమునకు వేయిరూపాయల వ్యయము కాదు. మా బడి వరండా అందుకు సిద్ధముగా నున్నది. సంఘసంస్కరణ మనగా విధవావివాహము, హరిజన దేవాలయ ప్రవేశము మాత్రమే యని మన తాతలు తలచినది ఆ కాలమునకు చాలును. గెజెట్టు కాగితమును వీథిలోనికి తెచ్చుట ఈ కాలపు పని.

ఆ పిల్లవాని ప్రశ్నను తరగతిలో అందరికిని ఇచ్చి, సమాధానము వ్రాసికొని రమ్మంటిని. పలువురు కంచె జింకల మేలునకే యని వ్రాసిరి. ప్రశ్న వేసినవాడు మాత్రము ఒక పటము గీసి తెచ్చెను. అందు రోడ్డునకు రెండు వైపుల కంచె యున్నది. జింకలు కాగితమంతయు నిండియున్నవి. ఒక మూల చిన్న గడిలో మా బడి, దాని ముందు టేపు పట్టుకొని నేను. మార్కులెన్ని వేయవలెనో తెలియక దానిని సిబ్బంది గదిలో గోడకు అంటించితిని.