దవా, జహర్, రెండూ మందే

ఉర్దూలో దవా వేరు, జహర్ వేరు. తెలుగులో జ్వరానికి మింగేదీ మందే, పత్తి మీద కొట్టేదీ మందే. ఉర్దూ మీడియం బడిలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు ఈ ఒక్క లఫ్జ్ చాలాకాలం వింతగా తోచింది. గుంటూరు, ప్రకాశం చేల తవారీఖ్ చదివాక దాని వెనక ఎన్ని మౌతులున్నాయో తెలిసింది.

పత్తి మనవాళ్ళకు పాతదే. దూదేకుల బిరాదరీ తరతరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి బతికింది. కొత్తగా వచ్చింది మందు. నల్లరేగడిలో హైబ్రిడ్ పత్తి పెరిగింది. 1980ల్లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు విరుచుకుపడ్డాయి. ఒక మందుకు లొంగకపోతే ఇంకొకటి, అదీ చాలకపోతే రెండూ కలిపి కొట్టారు. పంట పోయింది, కర్జ్ మిగిలింది. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి ప్రాణాలు తీసుకున్నారు.

ఈ జహర్ ఖాందాన్ ఎక్కడిది? 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే రసాయన శాస్త్రవేత్త పురుగులను చంపే మందు కోసం వెతుకుతూ టాబున్ తయారుచేశాడు. అది మనుషులనూ చంపుతుందని తెలియగానే హిట్లర్ హుకూమత్ దాన్ని జంగ్ కోసం తీసుకుంది. 1944లో ఆయనే పారాథియాన్ చేశాడు. మన చేలల్లో వాడిన మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్ ఆ ఖాందాన్‌వే. 1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా పోయారు. ఆ తర్వాత పదేళ్ళకు, 1968లో, పురుగుమందుల చట్టం వచ్చింది.

ఈ మందులు చేసే పని ఒక్కటే. నరం కండకు కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్‌తో. కబురు అందగానే దాన్ని తుడిచేసే ఎంజైమ్ పేరు కోలినెస్టరేజ్. మందు ఆ ఎంజైమ్‌ను పట్టేస్తుంది. కబురు ఆగదు. నోట్లో నురగ, కళ్ళలో నీళ్ళు, ఒళ్ళంతా చెమట, సూదిమొనంత కంటిపాపలు, కండల అదురు. చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి, శ్వాస కండరాలు చచ్చుబడి దమ్ము ఆగుతుంది.

1934లో లండన్‌లోని గ్రీనిచ్‌లో మేరీ వాకర్ అనే డాక్టర్, కండరాలు సడలిపోయే మయస్థీనియా రోగికి ఫైసోస్టిగ్మిన్ ఇచ్చారు. అది కూడా ఇదే ఎంజైమ్‌ను ఆపుతుంది. రోగి కొంతసేపు బలం పుంజుకుంది. తాళం ఒకటే, మోతాదు వేరు. అంటే దవాకూ జహర్‌కూ ఒకే మాట వాడిన తెలుగు గలత్ ఏమీ కాదు. కాకపోతే దవాతోపాటు డాక్టర్, మోతాదు, జాగ్రత్త వస్తాయి. చేనుకు వచ్చిన మందుతో ఎర్ర త్రికోణమున్న డబ్బా తప్ప ఏమీ రాలేదు. వీపున ట్యాంకు మోసే కౌలు రైతుకూ, తడి ఆరని చేలో కలుపు తీసే మజ్దూర్ ఆడవాళ్ళకూ అది నరాల విషమని చెప్పినవాళ్ళు తక్కువ.

విషం ఎక్కినవాళ్ళకు దవాఖానాలో మొదట ఎక్కించేది అట్రోపిన్. అది ఊపిరితిత్తుల్లో తడిని ఆర్పుతుంది, గుండెను నిలబెడుతుంది. కానీ చచ్చుబడిన కండను లేపలేదు. దానికి పామ్ అనే ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు, అదీ ఆలస్యమైతే పనిచేయదు. అందుకే తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో కడిగి, డబ్బా వెంట పెట్టుకుని వెంటనే పరుగెత్తాలి. అట్రోపిన్ లాంటి పదార్థం ఉమ్మెత్తలోనూ ఉంది కదా అని ఇంట్లో ఇలాజ్ చేస్తే ఒక జహర్‌కు రెండోది తోడవుతుంది.

మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని ఆపేయమని కేంద్రం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. గుంటూరు, ప్రకాశం రైతులు చచ్చిపోయిన 35 ఏళ్ళకు! ఖాందాన్‌లో మిగిలినవి ఇంకా దుకాణాల్లో ఉన్నాయి. వాటిని మందు అనే పిలుద్దాం, ఫరవాలేదు. అది ఎవరి నరం మీద పనిచేస్తుందో మాత్రం ట్యాంకు మోసేవాడికి ముందు చెప్పాలి. అది అతని హక్.