గృధ్రసి – హోమియో చికిత్స (బహ్రెయిన్)

నడుమునందలి వెన్నుపూసల సందులనుండి వెలువడు నరముల మూలములు ఒత్తిడికి లోనగుటచే, పిరుదునుండి తొడ వెనుకగా పాదమువఱకు పోటు దిగు వ్యాధిని ఆయుర్వేదము గృధ్రసి యనియు, ఆధునిక వైద్యులు సయాటికా యనియు వ్యవహరింతురు. నేపుల్స్ వైద్యుడు కొటూన్యో 1764లో దీనిని నరముల వ్యాధిగా వర్ణించెను. డిస్కు జారుటయే తఱచు కారణమని 1934లో మిక్స్టర్, బార్ అనువారు ప్రకటించిరి.

దీనికి హోమియో వైద్యులు ప్రధానముగా చెప్పు కొలోసింథిస్, ఇసుకనేలలలో ప్రాకు ఏటిపుచ్చ కాయలనుండి చేయబడునది. ఆ తీగ బహ్రెయిన్‌లో సహజముగనే పెరుగును. అరబ్బులు దానిని హంజల్ అందురు. గట్టిగా నొక్కినను, కాపు పెట్టినను ఉపశమించు ఎడమకాలి పోటునకు ఈ మందు తగునని హోమియో గ్రంథకర్త బోయెరిక్ వ్రాసెను. ఆరోగ్యవంతులపై పరీక్షించి హోమియో వైద్యస్థాపకుడు హానిమన్ దీని గుణములను నిర్ణయించెనని హోమియో సంప్రదాయము. కాని క్రీ.శ. మొదటి శతాబ్దిలోనే గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ పచ్చికాయ రసమును ఈ పోటునకు మర్దింపవలెనని చెప్పియుండుటచేతను, అరబ్బు వైద్యులును అదే త్రోవను అనుసరించుటచేతను, హానిమన్ పూర్వుల వాడుకను ఎఱిగియే దీనిని చేపట్టియుండుననుట సమంజసముగా తోచుచున్నది. అయితే పూర్వులు వాడినది తీవ్రవిరేచనకారియైన స్థూలద్రవ్యము. హోమియోవారు తఱచు వాడునది నూఱింట నొకపాలు చొప్పున ముప్పదిమార్లు పలుచన చేసినది. పండ్రెండవమారు దాటినపిమ్మట మూలద్రవ్యపు అణువొక్కటియైన మిగులుట దుర్లభమని రసాయనశాస్త్రము చెప్పుచున్నది.

ఇవిగాక హోమియో వైద్యులు కదలిన కొలది తగ్గు నొప్పికి రస్టాక్స్, కదలిన హెచ్చుదానికి బ్రయోనియా, తిమ్మిరితో మాఱిమాఱి వచ్చుదానికి గ్నఫాలియమ్ అను మందులను ఇత్తురు.

గుడివాడలో 1945లోనే హోమియో కళాశాల వెలసిన ఆంధ్రదేశమునుండి బహ్రెయిన్‌కు ప్రవాసమేగినవారు ఈ మాత్రలను వెంటగొనిపోవుట సహజమే. బహ్రెయిన్‌లో వైద్యవృత్తులపై అజమాయిషీ 2009 నాటి చట్టముచే నెలకొన్న జాతీయ ఆరోగ్య నియంత్రణ సంస్థది. కావున వైద్యునకు ఆ సంస్థ అనుమతి కలదో లేదో విచారించుట అవసరము.

హోమియో ఫలప్రదమనుటకు నమ్మదగిన ఆధారము ఏ వ్యాధి విషయమునను లభింపలేదని ఆస్ట్రేలియా జాతీయ వైద్యపరిశోధన మండలి 2015లో నిర్ణయించెను. ఈ పోటు పెక్కుమందికి కొన్ని వారములలో తనంతటనే తగ్గును గనుక, మాత్ర వేసుకొన్న పిమ్మట తగ్గినదనుటచే మాత్రవలననే తగ్గినదని చెప్పరాదు. ఎడారిలో దొరకు పచ్చి హంజల్ కాయను మందని తినుట మాత్రము ప్రమాదకరము. అది రక్తవిరేచనములను కలిగింపగలదు. మలమూత్రములపై స్వాధీనము తప్పినను, తొడల నడుమ స్పర్శ పోయినను, పాదము వ్రాలినను, ఏ మాత్రనూ పరీక్షింపక తక్షణమే బహ్రెయిన్‌లోని సల్మానియా వంటి పెద్ద ఆసుపత్రికి పోవలెను.